నాలుగు వందల పద్దెనిమిదో టోకెను

తెల్లవారుజాము మూడున్నర.
బతూ గుహల కింద, ఏటి పక్క రేకుల షెడ్డులో
ఇరవై మందిమి కత్తులు పట్టుకుని వరసగా నిలబడ్డాం.
క్లాంగ్‌లో నా సెలూన్‌కి మూడ్రోజులు తాళం.
తైపూసమంటే నాకు
నడుం నొప్పి, నానిపోయిన వేళ్లు,
తలకో కొత్త బ్లేడు సగం.

నాలుగు వందల పద్దెనిమిదీ అని కేకేస్తే
టోపీ పెట్టుకున్న ముసలాయనొచ్చాడు.
స్టూలు మీద కూర్చున్నాడు. టోపీ తీశాడు.
నేనలాగే ఉండిపోయాను.
ట్యూబులైటు మొత్తం
అడ్డంగా పడుకునుంది ఆ నెత్తి మీద.

"తాతా, ఇక్కడ తీసేదేముంది?
చందనం పూసేస్తా, టోకెను డబ్బులు వెనక్కిప్పిస్తా."
"ఉందో లేదో నీకెందుకమ్మా,
నువ్వు నీళ్లు రాయి."

పేరు అయ్యాక్కణ్ణు.
సుంగై సిప్పుట్ దగ్గర తోటలో రబ్బరు పాలు గీసేవాడట.
మొక్కిన నాటికి
దువ్వెన పళ్లు విరిగేంత జుట్టట.
తోట కాంపౌండరు చేతులెత్తేసిన రాత్రి,
రెండేళ్ల పిల్ల ఒళ్లు పెనంలా కాలుతుంటే
కూలీల లైను ఇళ్ల ముందు వానలో నిలబడి
ఈ కొండ ఎటువైపుందో తెలీక
నాలుగు దిక్కులకీ తిరిగి మొక్కాడట.

తెల్లారేసరికి పిల్ల గంజి అడిగింది.

ఆ ఏడు సెలవివ్వలేదు.
మరుసటేడు బస్సు చార్జీకి చాల్లేదు.
తర్వాత పామాయిలొచ్చి రబ్బరు చెట్లు కొట్టేశారు,
ఆ తర్వాత తోటే అమ్మేశారు,
ఆ తర్వాత పదకొండో అంతస్తులో ఫ్లాటు, గేటు దగ్గర రాత్రి కాపలా.
"వచ్చే ఏడు, వచ్చే ఏడు అనుకుంటూనే ఉన్నా.
జుట్టు మాత్రం నా కోసం ఆగలేదు.
ఆయనకివ్వాల్సింది
సగం తలగడ తినేసింది,
సగం బాత్రూం జాలీ తినేసింది."

నీళ్లు రాశాను. కత్తి పెట్టాను.
కత్తి చప్పుడు నాకు తెలుసు.
పసిపిల్లల తల మీద గుసగుస,
కుర్రాళ్ల తల మీద పచ్చిగడ్డి కోత.
ఇక్కడేమీ లేదు.
ఏటి అవతల ఉరుమి మేళం వినపడింది,
వేల్ వేల్ అని ఎవరో గొంతు పోయేలా అరవడం వినపడింది,
కత్తి మాత్రం
పలకరించే దిక్కు లేక
నుదుటి నుంచి వెనక్కి నడిచింది.

మొక్కుబడిగా రెండు గీతలు గీసి లేపేద్దామనుకున్నా.
కనిపెట్టేశాడు.
"చెవుల వెనక చూడు."
ఎడమ చెవి వెనక నాలుగు. మెడ గుంటలో ఏడు.
పేరుకి తలనీలాలే, నీలమే లేదు,
చేపముళ్లలా ఉన్నాయి.
అరచెయ్యి చాపాడు. లెక్కపెట్టుకున్నాడు.
"కనుబొమలు కూడా తియ్యనా తాతా?"
"అవి ఆయనకి మొక్కలేదు," అన్నాడు, నవ్వకుండా.

"అప్పా! ఉన్న గుండు గీయించుకోడానికింతసేపా?"
షెడ్డు బయట ఒకామె. నలభై దాటుంటాయి.
ఏట్లో మునిగొచ్చినట్టుంది,
నడుం దాటిన తడిజుట్టు ముందుకేసుకుని పిండుతోంది,
పిండేకొద్దీ నీళ్లొస్తూనే ఉన్నాయి.
ఆ గొంతుకి చటుక్కున తల తిప్పాడు.
కత్తి మొన తగిలింది, ఎర్రగా ఒక చుక్క.
"అయ్యో తాతా..."
"వడ్డీ అనుకో."
ఆమె వైపు కళ్లతో చూపించి
తన పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.
ఆ వేలికొక వెంట్రుక అంటుకునుంది.

చందనం పూశాను.
మండినట్టుంది, పళ్ల సందున గాలి పీల్చాడు.
పదకొండూ తనే పళ్లెంలో వేశాడు,
నాలుగు వందల పదిహేడో కుర్రాడి నల్లటి కుప్ప మీద,
వేసి, ఒకసారి చూసి, వెళ్లిపోయాడు.

టోపీ మర్చిపోయాడు.
పట్టుకుని మెట్ల దాకా పరిగెత్తాను.
రంగు మెట్ల నిండా పసుపుపచ్చని తలలు,
తల్లులవి, పిల్లలవి, ఇపో నుంచొచ్చిన చైనా దంపతులవి,
వెనక నుంచి చూస్తే అన్నిటిదీ ఒకటే వయసు.
తాతా అని పిలిస్తే
ఆరుగురు తిరిగి చూశారు.

షెడ్డులో నాలుగు వందల పంతొమ్మిది
అమ్మ ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తోంది.
టోపీ మేకుకి తగిలించి
బ్లేడు మార్చాను.